మహారాజరాజశ్రీ కవర్ గారి సముఖమునకు

మారతహళ్ళి, బీటీఎం, కేఆర్ పురం, వైట్‌ఫీల్డు పీజీలలోనూ ఫ్లాట్లలోనూ కాపురముంటున్న తెలుగువాళ్లం వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. మేమిక్కడ సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర క్షేమం. తమరు మా అందరి నాలుకల మీదా క్షేమంగా ఉన్నారని మాకు తెలుసు.

శనాదివారాల్లో మైసూరు, కూర్గ్ కవర్ చేస్తాం. కూరగాయల బండి దగ్గర “అన్నా, ఒక కవర్ ఇవ్వు” అంటాం. ఆఫీసుకు ఆలస్యంగా పోయి మేనేజరుకు ఏదో కథ చెబితే పక్క సీటువాడు “బానే కవర్ చేశావ్” అంటాడు. ఊళ్లు చూడడం, మూట కట్టడం, అబద్ధమాడడం, మూడింటికీ కలిపి మాకు మీరొక్కరే. మైసూరు వరకూ దీనివల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. కానీ ఈ మధ్య మీరు హిమాచల్ ప్రదేశ్‌లోని ఎత్తైన కొండలోయ స్పీతికి బయల్దేరారు. అందుకే ఈ ఉత్తరం.

ఎండలు ముదిరేసరికి మీరు తయారుచేసిన ఎక్సెల్ షీటు ఒకటి మా వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. శుక్రవారం రాత్రి కెంపేగౌడ విమానాశ్రయం, శనివారం సాయంత్రం ఢిల్లీలో బస్సు, ఆదివారం మనాలి, సోమవారం రాత్రి చంద్రతాల్ సరస్సు దగ్గర గుడారం, మంగళవారం స్పీతికి ముఖ్యపట్టణమైన కాజా. బుధవారం ఒక్కరోజే కీ, కిబ్బర్, చిచం, లాంగ్జా, హిక్కిం, కోమిక్. గురువారం తిరుగు ప్రయాణం. ఊరి పేరు పక్కనే నిమిషాలు కూడా వేస్తారు: కీ 40, హిక్కిం 20, కోమిక్ 15. మా ఇళ్లల్లో పెళ్లిచూపులకు కూడా ఇంతకన్నా ఎక్కువసేపు కూర్చుంటారు సార్.

షీటులో పెట్రోలుకు గడి ఉంది, బిర్యానీకి గడి ఉంది. గాలికి లేదు.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. నంది కొండ 1,478. తెల్లవారుజామున అక్కడికి బైకు మీద పోయి పొగమంచులో ఫొటో దిగినవాడికి, ఎత్తు తన ఒంటికి పడిందని ధీమా. మనాలి 2,050. చంద్రతాల్ 4,250 పైమాటే. అంటే మీ సోమవారం గడిలో ఒక్క పగలు 2,200 మీటర్లు ఎక్కించి, ఆ పైనే పడుకోమంటున్నారు. కొండ వైద్యం తెలిసినవాళ్లు చెప్పే లెక్క వేరు. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి పడుకున్న చోటుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఎక్కకుండా ఆగాలి. పగటిపూట ఇంకా పైకి పోయి చూసి రావచ్చు, పడక మాత్రం కిందే.

ఎందుకంటారా? కాజా ఎత్తులో, అంటే సుమారు 3,700 మీటర్ల దగ్గర, గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. ఆక్సిజన్ చాలక ఒళ్లు తనంతట తానే వేగంగా ఊపిరి తీస్తుంది. దాంతో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది చూసి మెదడు “ఇక చాల్లే, ఊపిరి తగ్గించు” అంటుంది. ఈ తగాదా వల్లే నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేవడం. ఆ క్షారాన్ని మూత్రంలో బయటికి పంపి రాజీ కుదిర్చేది మూత్రపిండాలు. వాటికి రెండు మూడు రోజులు పడుతుంది. స్ప్రింటు డెడ్‌లైను చెబితే అవి వినవు. డయామాక్స్ అనే అసిటజోలమైడ్ మాత్ర చేసేది కూడా ఆ పనిని తొందరపెట్టడమే. మామూలుగా 125 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఎక్కే ముందురోజు నుంచి వేసుకుంటారు. డాక్టరును అడగకుండా వద్దు, సల్ఫా మందులు పడనివాళ్లకైతే మరీను. వేసుకున్నాక వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, మాటిమాటికీ మూత్రానికి లేవాలి, సోడా తాగితే చప్పగా ఉంటుంది. కంగారుపడి కొట్టువాడితో గొడవ పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడే మీ మూడో అవతారం ప్రత్యక్షమవుతుంది. తలపోటు, వికారం, అన్నం సయించకపోవడం మొదలవగానే మనవాడు నోరు విప్పడు. గ్రూపులో పన్నెండుమంది ఉన్నారు, వాళ్ల ప్లాను చెడుతుందని మొహమాటం. “నిన్న మనాలిలో తిన్న పరాటా పడలేదురా” అని కవర్ చేస్తాడు. మీ పుణ్యమా అని ఎంతో బాగా కవర్ చేస్తాడు కూడా. అలాంటప్పుడు అతన్ని నేలమీద గీత వెంబడి మడమకు బొటనవేలు తగిలేలా పది అడుగులు నడిపించండి. తూలితే మెదడులో నీరు చేరుతోందని అనుమానించాలి. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో. రెండింటికీ అసలు మందు దిగడమే, ఆ రాత్రికి రాత్రే. ఆక్సిజన్ ఆ దిగడానికి ఊతమే తప్ప దానికి బదులు కాదు. మీ షీటు చెప్పని ఇంకో సంగతి: కాజా నుంచి మనాలి దారి ముందు దిగదు, కుంజుం కనుమ దగ్గర 4,550 దాకా ఎక్కుతుంది. జబ్బుపడ్డవాణ్ణి ఆ దారిన “కిందికి” తీసుకుపోవడమంటే అటక ఎక్కించడమే. కాజాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ముందు అక్కడికి. దింపాల్సి వస్తే నది వెంబడి తాబో వైపు, 3,280 మీటర్లకు.

పోనీ అసలు వెళ్లొద్దా అంటే, బ్రహ్మాండంగా వెళ్లొచ్చు. సిమ్లా దారిన. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఉంటుందని, “రిటర్న్ కూడా అదే రోడ్డా, బోర్” అని మీరు కొట్టేసిన దారే అది. కల్పాలో (2,960) రెండు రాత్రులు, తాబోలో రెండు, ఆ తర్వాత కాజా. మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, ఒంటికి తెలియదు. పైగా కుంజుం దాదాపు నవంబరు నుంచి మే చివరిదాకా, ఒక్కోసారి జూన్ దాకా, మంచులో మూసుకుపోయి ఉంటుంది. మే నెల లాంగ్ వీకెండుకు మనాలి నుంచి కాజా గడి వేసిన మహానుభావుడెవరో గానీ ఆయనకో దండం.

మనాలి వైపునుంచే వెళ్లేవాళ్లకు ఒక్క మాట. గ్రాంఫూ దాటాక బాతల్ వరకూ దారికి అడ్డంగా పారే నాలాలు పొద్దున పిల్లకాలువలు, మధ్యాహ్నానికి ఏళ్లు. ఎండకు పైనున్న మంచు కరిగి ఆ నీళ్లు రోడ్డు మీదికి చేరేది అప్పుడే. చీకటితో బయల్దేరాలి. నోట్లు దగ్గరుంచుకోండి. సిగ్నల్ లేని ఊళ్లో యూపీఐ స్కానర్ గోడకు అందమే తప్ప పనికిరాదు.

మనకు తెలిసిన కాజా తాపేశ్వరంలో దొరుకుతుంది, నోట్లో వేసుకుంటే పాకం కారుతుంది. ఈ కాజా గట్టిది. చుట్టూ చెట్టన్నది లేని కొండలు, మధ్యలో బఠాణీ, బార్లీ మళ్లు. వానమేఘాలను ఎత్తైన కొండలు అటే ఆపేస్తాయి కాబట్టి సాగంతా కరిగిన మంచునీళ్ల కాలువల మీదే. నీళ్లెంతో పొలమంతే. అందుకే పాత పద్ధతిలో ఇల్లూ పొలమూ పెద్దకొడుక్కే. అతను ఇల్లాలిని తెచ్చుకున్నాక తల్లిదండ్రులు పెద్దింటినుంచి పక్కనున్న చిన్నింటికి మారేవారు. చిన్నకొడుకులు చాలామంది మఠానికి. ముగ్గురన్నదమ్ములు ఎకరం చెక్కను మూడు ముక్కలు చేసి గట్టు కోసం ఇరవయ్యేళ్లు కోర్టుకు తిరిగే జిల్లాల నుంచి వచ్చినవాళ్లం, దాన్ని వింతగా చూసే అర్హత మాకు లేదు. ఈ సంగతులు కోమిక్‌కు కేటాయించిన 15 నిమిషాల్లో తెలియవు. సాయంత్రం పూట వంటింట్లో, పొయ్యి పక్కన కూర్చుంటే తెలుస్తాయి.

వంటిల్లే అక్కడ సావిడి. గోడవారగా పరుపులు, వాటి ముందు పొట్టి బల్లలు. పొయ్యికి దగ్గరి చోటు ఇంటి పెద్దలది, వెళ్లీ వెళ్లగానే అక్కడ చతికిలబడకండి. మన కవ్వానికి అన్నలాంటి పొడుగాటి చెక్క గొట్టంలో టీ డికాక్షను, వెన్న, ఉప్పు వేసి చిలుకుతారు. ఆ చప్పుడును బట్టే దాన్ని గుర్‌గుర్ చా అంటారు. టీ అనుకుని తాగితే మొహం మాడుతుంది, చారు అనుకుని తాగితే రెండో గుక్క నుంచి బావుంటుంది. గుక్క తాగగానే కప్పు మళ్లీ నింపేస్తారు. వద్దనుకుంటే నిండు కప్పు అలాగే ఉంచి, లేచే ముందు తాగెయ్యడం మర్యాద. త్సాంపా అని పెడతారు, వేయించిన బార్లీ పిండి. తొలి ఏకాదశికి పేలపిండి తిన్న నోటికి అదేం కొత్త కాదు.

తర్వాత మరుగుదొడ్డి. నవ్వకండి, మీ కవర్లన్నీ చేరేది అక్కడికే. మేడమీద ఒక చిన్న గది, నేలలో పలకంత కంత, మూలన మట్టి లేదా బూడిద కుప్ప, దాంట్లో గుచ్చిన పార. పని కాగానే రెండు పారల మట్టి కిందికి తోయాలి. కింది అరలో అది ఎరువవుతుంది, వసంతంలో తవ్వి పొలానికి మోస్తారు. మన అలవాటు కొద్దీ చెంబులకు చెంబులు నీళ్లు కుమ్మరిస్తే ఎరువు బురదై కంపు కొడుతుంది, చలికాలంలోనైతే గడ్డకడుతుంది. తడి వైప్సు, ప్యాడ్లు, షాంపూ పొట్లాలు అందులో వేస్తే ఆ ప్లాస్టిక్ వచ్చే ఏడు బఠాణీ మడిలో మొలుస్తుంది. వాటిని వేరే కవర్లో కట్టి వెనక్కి తెచ్చుకోండి. ఇంత గౌరవంగా మీకు పని చెప్పడం ఇదే మొదటిసారి, గమనించగలరు.

ఆవకాయ సంగతి వస్తే మీ సేవలు మళ్లీ అవసరమే. బెంగళూరులో బిగించిన మూత లోపల బెంగళూరు గాలే ఉంటుంది. కుంజుం చేరేసరికి బయట ఒత్తిడి మూడో వంతుకు పైగా తగ్గుతుంది. చిప్స్ పొట్లాలు దిండ్లలా ఉబ్బుతాయి. సీసాలోని నూనె మూత అంచునుంచి సన్నగా, ఎర్రగా పాకుతూ వచ్చి, బ్యాగులో అడుగునున్న తెల్ల ఉన్ని టోపీని వెతుక్కుంటుంది. సీసాను ముప్పావు మాత్రమే నింపండి. కల్పాలో ఒకసారి, తాబోలో ఒకసారి మూత వదులు చేసి మళ్లీ బిగించండి. కుక్కరు తీసుకెళ్లేవాళ్లకు: కాజాలో నీళ్లు 87, 88 డిగ్రీలకే మరుగుతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు గులకరాళ్లలాగే ఉంటుంది. కుక్కర్లో కూడా ఇక్కడి 120 డిగ్రీల వేడి అక్కడ రాదు, 115 దగ్గరే ఆగుతుంది. పప్పు గంట నానబెట్టి, మూడు విజిళ్ల చోట ఐదు రానివ్వండి.

తాబో మఠమంటే మీకు పడదని విన్నాం, లోపల ఫొటోలు తీయనివ్వరు కదా. 996లో పశ్చిమ టిబెట్టులోని గూగె రాజ్యపు రాజు యేషే ఓ కట్టించినది. మన రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి పాతికేళ్ల ముందుమాట. కట్టింది రాయితో కాదు, మట్టితో. గోడలు మట్టి, గోడలకు ఆనుకుని కూర్చున్న మనిషంత దేవతలూ మట్టే. లోపల దాదాపు చీకటి. బయట ఎండలోంచి వచ్చిన కళ్లకు మొదటి ఐదు నిమిషాలు ఏమీ కనబడదు. మీవాళ్లు నాలుగో నిమిషంలో బయటికొచ్చేస్తారు. ఆగినవాళ్లకు ముందు ఒక చెయ్యి కనబడుతుంది, తర్వాత ఒక నీలం మొహం, ఆ తర్వాత నాలుగు గోడల మీదా కూర్చున్నవాళ్లంతా.

చోర్టెన్లను, అంటే బౌద్ధ స్తూపాలను, మంత్రాలు చెక్కిన మణి రాళ్ల గోడలను కుడిచేతి వైపు ఉంచి నడవాలి, గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే. ఆ రాళ్లు తీయకూడదు. లాంగ్జాలో పిల్లలు చుట్టలు తిరిగిన రాళ్లు చూపిస్తారు, ఒకప్పటి టెథిస్ సముద్రపు జీవులవి. మన పూజగదిలోని సాలగ్రామానికి చుట్టాలు. కొని, కవర్లో వేసి, డెస్కు మీద పేపర్‌వెయిట్ చేసుకోకండి.

చంద్రతాల్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 2005 నుంచి అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో ఉన్న చిత్తడినేల. ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, దూరంగా వేసుకుని నడిచి రావాలి. అయినా ఆ నీలం నీళ్ల పక్కన గాలికి ఎగురుతూ మీరు కనబడుతూనే ఉంటారు. అక్కడి చలికి మీరు కుళ్లరు కూడా.

కాబట్టి తమరు పెద్దమనసు చేసుకుని, మా షీటులోంచి మూడు ఊళ్లు కొట్టేసి, మూడు రాత్రులు కలపవలసిందిగా ప్రార్థన. సెలవు సంగతి మేం చూసుకుంటాం. మేనేజరు దగ్గర ఎలాగూ మిమ్మల్నే వాడుకోవాలి.

ఇట్లు,
మీ నీడన బతుకుతున్న
బెంగళూరు తెలుగువాళ్లం

తా.క.: పోయిన బుధవారం హిక్కిం తపాలా కార్యాలయంలో, 1983 నుంచి నడుస్తున్నదే, మీరు ఇరవై నిమిషాల్లో పన్నెండు కార్డులు మీకు మీరే రాసుకుని డబ్బాలో వేశారు. వాటిని ముందు కాజాకు దించాలి, అక్కణ్ణుంచి కొండదారిన కిందికి తేవాలి. మీరు వచ్చి, నిద్రపోయి, లేచి, ఆఫీసుకు కూడా పోయారు. అవి మాత్రం ఒక్కో ఊళ్లో ఆగుతూ, రాత్రిళ్లు కిందే పడుకుంటూ వస్తున్నాయి.