గోరింటాకు పండింది, పన్ను పడింది

(టెక్సస్‌లోని ఫ్రిస్కో. 2026 ఏప్రిల్ మొదటి శనివారం. పద్మ డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ట్యాక్స్ ఫైల్ చేస్తోంది. పక్కన రమణ. తను సాయం చేస్తున్నానని ఆయన నమ్మకం.)

పద్మ: ఏమండీ, మనది అయిపోయింది. ఇక మన పిల్ల అమ్ముడిది.

రమణ: దానికి పదహారేళ్లు! ఇంకా డ్రైవింగ్ లైసెన్సే రాలేదు, అప్పుడే ట్యాక్స్ రిటర్నా?

పద్మ: నిరుడంతా మెహందీ పెట్టి సంపాదించిందిగా. చేతికొచ్చింది 2,600 డాలర్లు. అందులో సగం వరలక్ష్మీ వ్రతం సీజన్‌దే.

రమణ: ఏవో గోరింటాకు డబ్బులు. సంక్రాంతికి మా మేనత్త చేతిలో పెట్టే నోటు లాంటివి. అవి కూడా గవర్నమెంటుకి చెప్పుకోవాలా?

పద్మ: మీ మేనత్త ప్రేమతో ఇచ్చింది. వీళ్లు పని చేయించుకుని ఇచ్చారు.

రమణ: సగం క్యాష్, సగం ఫోన్లో జెల్ యాప్ ద్వారా. ఎవరికి తెలుస్తుంది?

పద్మ: కాస్త గట్టిగా అనండి, వీధి చివరివాళ్లకి వినపడలేదు. ఇంత ఇచ్చామని ఎవరైనా ఫారం పంపినా పంపకపోయినా ఆదాయం ఆదాయమే.

రమణ: పోనీ...

(రమణ ‘పోనీ’ అన్నాడంటే రెండో తప్పుడు సలహా సిద్ధంగా ఉందని పద్మకి పెళ్లయిన ఏడాదే తెలిసిపోయింది.)

రమణ: పోనీ, నా దాంట్లో కలిపెయ్. ఇంటి పెద్దని, నేను మోస్తాను.

పద్మ: కుదరదు. పిల్లలకి వచ్చేది వడ్డీ, డివిడెండ్లు మాత్రమే అయితే మన రిటర్నులో కలుపుకోవచ్చు. కష్టపడి సంపాదించింది దాని పేరు మీదే చూపించాలి.

రమణ: డిపెండెంట్ పిల్లలకి, అంటే తల్లిదండ్రుల మీద ఆధారపడ్డవాళ్లకి, 15,750 డాలర్ల దాకా అసలు ఫైలింగే అక్కర్లేదని మొన్న పార్టీలో అన్నారే?

పద్మ: పార్టీల్లో బిర్యానీ వరకే నమ్మండి. అది జీతం తెచ్చుకునే పిల్లల సంగతి. సొంతంగా పని చేసుకుంటే, ఖర్చులు పోను 400 డాలర్లు మిగిలినా ఫైల్ చెయ్యాల్సిందే.

రమణ: నాలుగొందలా! ఇద్దరు పెళ్లికూతుళ్లు చేతులు చాపితే దాటిపోతుంది!

పద్మ: ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నానే లెండి. పెద్దయ్యాక పెన్షనిచ్చే సోషల్ సెక్యూరిటీ, వైద్యానికి మెడికేర్, రెండూ కలిపి 15.3 శాతం మాత్రం తప్పదు. మీకు అందులో సగం మీ కంపెనీ కడుతుంది కాబట్టి నొప్పి తెలియట్లేదు. అమ్ముడికి కంపెనీ కూడా అమ్ముడే.

రమణ: అయితే హాబీ అని రాసెయ్! హాబీకి ఆ 15.3 ఉండదు. నేను చదివాను.

పద్మ: సగమే చదివారు. హాబీ అంటే దానికయిన ఖర్చులు తగ్గించుకోనివ్వరు. 2018 నుంచీ అంతే. అయినా మనకి నచ్చిన పేరు పెట్టుకోడానికి ఇదేమన్నా బారసాలా? పిల్ల రేటు కార్డు వేసింది, ఇన్‌స్టా పేజీ పెట్టింది, అడ్వాన్సు ఇవ్వందే డేటు ఇవ్వదు. ఇది హాబీ ఎలా అవుతుంది? హాబీ అంటే మీ గిటారు. కొన్నప్పట్నుంచీ నష్టమే.

రమణ: నా గిటారు జోలికి రాకు.

పద్మ: దీపావళి పార్టీలో మైకు పట్టుకుని ‘మా అమ్మాయి పెద్ద బిజినెస్ ఉమన్’ అన్నదెవరు?

రమణ: మైకు చేతిలో ఉంటే ఎవరికైనా అలాగే వస్తుంది. సరే, ఖర్చులు చదువు.

పద్మ: (అమ్ముడి నోట్‌బుక్ తిప్పుతూ) గోరింటాకు పొడి, నీలగిరి తైలం, కోన్లు చుట్టే ప్లాస్టిక్ కాగితం, విజిటింగ్ కార్డులు. మొత్తం 600.

రమణ: నా డ్రైవింగో? శనివారం వస్తే చాలు ప్లేనో, ఇర్వింగ్ తిప్పాను. వాళ్ల డ్రైవ్‌వేల్లో గంటలకి గంటలు కూర్చున్నాను!

పద్మ: అది మీకేమన్నా ఇచ్చిందా?

రమణ: థాంక్స్ కూడా చెప్పలేదు.

పద్మ: ఇవ్వని డబ్బు దాని ఖర్చెలా అవుతుంది?

రమణ: ఫ్రీజర్ అద్దె? కరివేపాకు పెట్టుకోడానికి చోటు లేకుండా కోన్లే!

పద్మ: పుదీనా చట్నీ అనుకుని అందులోంచి ఒకటి తీసి దోశ మీద పిండబోయారు. సరుకు నష్టం కింద అది రాయనా?

రమణ: (మాట మార్చి) ఇదేంటి? ‘సుధ ఆంటీ, సీమంతం, మోచేతి దాకా, 120’. పక్కన ఏడుపు బొమ్మ?

పద్మ: ఆవిడ ఇంకా ఇవ్వలేదు. చేతికి రాని డబ్బు ఈ లెక్కలోకి రాదు.

రమణ: సుధ గారా! మొన్నేగా వాళ్లాయన కొత్త కారులో నన్ను రెండు రౌండ్లు తిప్పాడు! అది సరే, ఇది సొంత రిటర్ను వేస్తే మన డిపెండెంట్ కాకుండా పోతుందా? పిల్ల ఉన్నందుకు మన పన్నులో తగ్గే 2,200 డాలర్ల చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్?

పద్మ: ఎక్కడికీ పోదు. తన పోషణలో సగానికి మించి తనే భరిస్తేగా! నెల తిరిగేసరికి దాని ఫోను, షాంపూలే ఎంతవుతాయో మీకు తెలుసు. ‘నన్ను వేరేవాళ్లు డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు’ అన్న గడిలో టిక్కు పెడితే చాలు.

రమణ: రెండు టిక్కులు పెట్టు.

పద్మ: మిగులు 2,000. ఆ 15.3 శాతం మొత్తం మీద కాదు, కాస్త తగ్గించి వేస్తారు. కట్టాల్సింది 283.

రమణ: గోరింటాకు మీద 283! స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని టెక్సస్ వచ్చిందిందుకా?

పద్మ: అరవకండి. దానికి సోషల్ సెక్యూరిటీలో ఒక క్రెడిట్ పడింది. పెన్షనుకి నలభై కావాలి.

రమణ: ఇంకా ముప్పై తొమ్మిది. పెళ్లిళ్లు కావాల్సినవాళ్ల చేతులు అన్ని వేలున్నాయా ఈ ఊళ్లో!

పద్మ: పైగా సొంత సంపాదన ఉంది కాబట్టి రాత్ ఐఆర్‌ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతా తెరవచ్చు. ఆ 2,000లోంచి ఈ ట్యాక్సులో సగం తీసేసి 1,858 దాకా వెయ్యొచ్చు. పెరిగినదంతా అరవై ఏళ్లకి పన్ను లేకుండా తీసుకుంటుంది.

రమణ: (లేచి నిలబడి) ముందే చెప్పవేం! ఆ 600 ఖర్చు కొట్టెయ్. సుధ గారి 120 కూడా కలుపు!

పద్మ: ఇందాక ఎవరికి తెలుస్తుందన్నది మీరేనా?

రమణ: ఇందాక తండ్రిని. ఇప్పుడు ఇన్వెస్టర్ని. అమ్ముడిని పిలువు, డబ్బు తెమ్మను.

పద్మ: డబ్బెక్కడిది? ట్యాబ్లెట్ అయింది, రెండు జతల బూట్లయ్యాయి.

రమణ: మరి ఐఆర్‌ఏలో ఏం వేస్తాం, కోన్లా?

పద్మ: డబ్బు దానిదే అయ్యుండక్కర్లేదు. దాని సంపాదన దాటకుండా తల్లిదండ్రులు కూడా వెయ్యొచ్చు.

(రమణ మెల్లగా కూర్చున్నాడు.)

పద్మ: 283కి కూడా మీ అకౌంట్ నంబరే ఇస్తున్నా.

రమణ: పద్మా, ఆ హాబీ రూల్సు ఇంకోసారి చదువు.