సైన్యం ఎక్కడ ఆగింది? కువైట్ యుద్ధం వెనుక లెక్కలు

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఎందుకు ఆక్రమించిందని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. చమురు కోసమన్నది మొదటిది, ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ అహంకారమన్నది రెండోది. మొదటిదాన్ని వామపక్ష విశ్లేషకులు, రెండోదాన్ని పాశ్చాత్య పత్రికలు ఇన్నేళ్లుగా వల్లిస్తూనే ఉన్నారు. రెండింటిలోనూ నిజముంది. అయితే తగాదా ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వేరు, అది యుద్ధంగా ఎందుకు మారిందన్న ప్రశ్న వేరు. వీటిని కలిపేయడం వల్లే ఈ చర్చ తేలడం లేదు.

ముందు తగాదా సంగతి. 1980 నుంచి 1988 వరకు ఇరాన్‌తో పోరాడిన ఇరాక్ చివరికి సుమారు 8,000 కోట్ల డాలర్ల అప్పుతో మిగిలింది. అందులో దాదాపు సగం సౌదీ అరేబియా, కువైట్ వంటి గల్ఫ్ అరబ్బు దేశాలదే. సద్దాం వాదన సూటిగా ఉండేది: ఇరాన్‌లో ఖొమైనీ తెచ్చిన విప్లవం మీ గడప తొక్కకుండా అడ్డుకున్నది ఇరాకీల రక్తం, అలాంటప్పుడు మీరిచ్చిన డబ్బు అప్పు ఎలా అవుతుంది? ఇరాన్‌పై దాడికి దిగింది తానేనన్న సంగతి మాత్రం ఆయన ఎత్తేవాడు కాదు. కువైట్ అప్పు రద్దు చేయలేదు. అలాగని గట్టిగా అడిగి వసూలు చేసిందీ లేదు. సరిహద్దు ఒప్పందం మీద ఇరాక్ సంతకం పెట్టేదాకా ఆ అప్పు పత్రాన్ని చేతిలో ఉంచుకోవాలనుకుందని నా అంచనా.

దాని మీద చమురు ధర వచ్చి పడింది. 1990 మొదట్లో 20 డాలర్ల దరిదాపుల్లో ఉన్న బ్యారెల్ ధర జూన్ నాటికి 15 డాలర్ల చుట్టూ తిరుగుతోంది. ధర ఒక్క డాలరు తగ్గితే తమకు ఏటా 100 కోట్ల డాలర్ల నష్టమని బాగ్దాద్ లెక్క చెప్పింది. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ ఇచ్చిన కోటా రోజుకు 15 లక్షల బ్యారెళ్లయితే, కువైట్ తోడుతున్నది 20 లక్షలకు దగ్గరగా ఉంది. ఇది పొరుగువాడి మీద పంతం మాత్రమే కాదు. కువైట్‌కు ఐరోపాలో సొంత రిఫైనరీలు, పెట్రోలు బంకులు ఉన్నాయి. విదేశీ పెట్టుబడుల మీద వచ్చే ఆదాయం చమురు ఆదాయానికి దీటుగా ఉండేది. ముడి చమురు చవకైతే ఒక జేబులో తగ్గింది మరో జేబులో పడుతుంది. ఇరాక్‌కు ఆ రెండో జేబు లేదు.

రెండు దేశాల సరిహద్దు కింద పరుచుకున్న రుమైలా చమురు క్షేత్రం గొడవ గట్టుకు అటూ ఇటూ బోర్లు వేసుకున్న రైతుల తగువు లాంటిది. కింద ఉన్నది ఒకటే ఊట. తన వాటాలోంచి 240 కోట్ల డాలర్ల చమురు కువైట్ దొంగిలించిందని 1990 జులైలో ఇరాక్ విదేశాంగ మంత్రి తారిఖ్ అజీజ్ అరబ్ లీగ్‌కు లేఖ రాశాడు. మరుసటి రోజు సద్దాం తన ప్రసంగంలో, బతుకుతెరువు తెంచడం కంటే మెడలు తెంచడమే మేలన్న ఇరాకీ సామెతను గుర్తుచేశాడు. అప్పటికే ఇరాక్ మేటి సైనిక విభాగమైన రిపబ్లికన్ గార్డు దళాలు సరిహద్దు వైపు కదులుతున్నాయి.

చమురు వాదన చేసేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. ఆ తర్వాతి వారమే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. జులై చివరి వారంలో జెనీవాలో ఒపెక్ సమావేశమైంది. లక్ష్య ధరను 18 నుంచి 21 డాలర్లకు పెంచింది. కువైట్, యుఏఈ కోటాలకు కట్టుబడతామని మాట ఇచ్చాయి. సరిహద్దులో ట్యాంకులను చూపించి ఇరాక్ కోరినదాంట్లో పెద్ద భాగం సాధించింది. అప్పు, రుమైలా, ఇరాక్ సముద్రపు దారిలో ఉన్న కువైట్ దీవులు వర్బా, బుబియాన్ మిగిలాయి. వాటి మీద జెద్దాలో మొదలైన చర్చలు ఆగస్టు 1న విఫలమయ్యాయి. మర్నాడు తెల్లవారకముందే సైన్యం కదిలింది.

నాయకుల ప్రసంగాల కంటే వారి సైన్యం ఎక్కడ ఆగిందో చూస్తే ఉద్దేశం బాగా తెలుస్తుంది. గొడవ రుమైలా గురించే అయితే అక్కడే ఆగాలి. సముద్రానికి దారి కావాలంటే రెండు దీవుల దగ్గర ఆగాలి. అలా ఆగి ఉంటే ప్రపంచం కొన్నాళ్లు గొణిగి ఊరుకునేదేమో. ఇరాక్ దళాలు గంటల వ్యవధిలో రాజధానిలోకి ప్రవేశించి, సౌదీ సరిహద్దు దాకా వెళ్లాయి. ఆగస్టు 8న విలీనం ప్రకటించి, నెలాఖరుకు కువైట్‌ను 19వ రాష్ట్రంగా మార్చేశారు. కేంద్ర బ్యాంకులోని బంగారం బాగ్దాద్ చేరింది. అప్పిచ్చినవాడే లేకుండా పోతే అప్పూ ఉండదన్నమాట!

ఇది ఆర్థిక విధానం కాదు, ఒక పాలన తన ప్రాణం కోసం పడిన పాట్లు. ఎనిమిదేళ్ల యుద్ధం తర్వాత సద్దాం చేతిలో దాదాపు పది లక్షల సైన్యం మిగిలింది. వాళ్లను ఇళ్లకు పంపితే ఉద్యోగాలు లేవు, ఉంచుకుంటే జీతాలకు డబ్బు లేదు. ఇరాన్ యుద్ధంలో గెలిచామని ప్రజలకు చెప్పాడు గానీ చూపించడానికి ఒక్క గజం భూమి కూడా లేదు. కువైట్ చారిత్రకంగా తమదేనన్న వాదన ఈ ఖాళీని నింపింది. ఆ వాదన సద్దాం సొంతం కాదు. 1961లో కువైట్ స్వతంత్రం కాగానే అప్పటి ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం కూడా అదే అన్నాడు. 1963లో కువైట్ సార్వభౌమత్వాన్ని గుర్తిస్తూ సంతకం చేసిన ఇరాక్ ప్రధాని అహ్మద్ హసన్ అల్ బకర్ మాత్రం సద్దాం పార్టీ అయిన బాత్ నాయకుడే. అవసరమైనప్పుడు చరిత్రను తవ్వుకోవడం, అక్కరలేనప్పుడు పూడ్చుకోవడం పాలకులకు కొత్త కాదు.

అమెరికాకు కూడా ఇదే కొలత పెట్టాలి. అరబ్బుల మధ్య వివాదాలపై తమకు అభిప్రాయం లేదని జులై 25న ఇరాక్‌లోని అమెరికా రాయబారి ఏప్రిల్ గ్లాస్పీ సద్దాంతో అన్న మాటను చాలామంది కావాలని ఇచ్చిన పచ్చజెండాగా చదువుతారు. నేను ఆ కుట్ర కథను నమ్మను. దేశం మొత్తం మింగేస్తాడని ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ కూడా ఊహించలేదు. అయితే తర్వాత చెప్పిన కారణాల్లో కల్తీ తక్కువేమీ లేదు. ఈ సంక్షోభం ఉద్యోగాలకు సంబంధించినదని అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఒకసారి అన్నాడు. ఇరాకీ సైనికులు ఇంక్యుబేటర్లలోంచి శిశువులను లాగి పడేశారని అమెరికా చట్టసభ సభ్యుల ముందు కన్నీళ్లతో చెప్పిన బాలిక కువైట్ రాయబారి కూతురని, ఆ ప్రచారాన్ని ఒక ప్రజాసంబంధాల సంస్థ నడిపిందని యుద్ధం ముగిశాక బయటపడింది.

అమెరికా నాయకత్వంలో ఇరాక్ సైన్యాన్ని కువైట్ నుంచి తరిమిన సంకీర్ణ దళాలు 1991 ఫిబ్రవరి 28న ఆగిపోయాయి. బాగ్దాద్ వెళ్లలేదు. సద్దాంను దించమని ఇరాకీలకు పిలుపునిచ్చిన అప్పటి అమెరికా అధ్యక్షుడు సీనియర్ బుష్, దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు తిరగబడితే చూస్తూ ఊరుకున్నాడు. ప్రజాస్వామ్యం కోసమైతే అక్కడ ఆగరు. ఇరాక్ చమురును చేజిక్కించుకోవడం కోసమైనా ఆగరు. ఇరాక్, కువైట్ రెండింటికీ కలిపి ప్రపంచ చమురు నిల్వల్లో అయిదో వంతు ఉండేది. పక్కనే సౌదీ అరేబియా. ఆ కుళాయి ఒక్కరి చేతిలో పడకుండా చూడటమే వాషింగ్టన్ అసలు లక్ష్యం, అది నెరవేరగానే యుద్ధం ఆగింది. ఖర్చయిన సుమారు 6,100 కోట్ల డాలర్లలో 5,400 కోట్ల దాకా సౌదీ, కువైట్, జపాన్, జర్మనీ వంటి దేశాలే ఇచ్చాయి.

మనకు ఈ యుద్ధం దూరపు వార్త కాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన వాళ్లతో సహా కువైట్‌లో చిక్కుకున్న సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయుల్లో ఎక్కువమంది ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. చమురు బిల్లు పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. అప్పటికే బలహీనంగా ఉన్న మన విదేశీ మారక నిల్వలు అడుగంటి, 1991లో దేశం బంగారం కుదువ పెట్టింది. ఉన్నపళంగా పారిపోయి వచ్చిన కార్మికులకు తర్వాత ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ఒక్కొక్కరికి 2,500 నుంచి 4,000 డాలర్లు మంజూరు చేసింది. న్యాయమైన సొమ్మే. కానీ అది వచ్చింది ఆంక్షల కింద మందులకు కూడా మొహంవాచిన ఇరాకీల చమురు ఆదాయంలోంచి. యుద్ధం నిర్ణయించింది ఒకరు, వాయిదాలు కట్టింది ఇంకొకరు.

ఆ పరిహారం మొత్తం 5,240 కోట్ల డాలర్లు. చివరి వాయిదా 2022 జనవరిలో ముగిసింది, అప్పటికి సద్దాంను ఉరితీసి పదిహేనేళ్లు. సరిహద్దును ఐక్యరాజ్యసమితి 1993లో గీసింది. సముద్రానికి ఇరాక్ దారి మాత్రం ఇప్పటికీ ఇరుకే. రెండు దేశాల మధ్య ఉన్న ఖోర్ అబ్దుల్లా జలమార్గంపై కువైట్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఆమోదించిన చట్టం చెల్లదని 2023 సెప్టెంబరులో ఇరాక్ సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కువైట్ నిరసన తెలిపింది. ఈసారి ఆ పేచీ ట్యాంకుల దాకా పోకుండా కోర్టుల్లో, రాయబార కార్యాలయాల్లో నలుగుతోంది.