చీమకు ఇంట్రడక్షన్ సాంగ్ ఎక్కడ?

పేద కోడలికి అడవిలో మాయా గరిటె దొరుకుతుంది. గయ్యాళి అత్త దాన్ని లాక్కుంటుంది. కోడలికి బిర్యానీ వడ్డించిన గరిటె అత్తకు తేళ్ళు వడ్డిస్తుంది. అత్త ఏడుస్తుంది, కోడలు క్షమిస్తుంది, ఊరు చప్పట్లు కొడుతుంది. "ఈ కథ వల్ల మనం తెలుసుకున్న నీతి ఏమిటంటే, అత్యాశ పనికిరాదు" అని ఒక గొంతు సెలవిస్తుంది. ఆ గొంతు అత్యాశ దాకా వచ్చేలోపు నాలుగు యాడ్లు పడతాయి.

తెలుగులో బొమ్మల సినిమాలు లేవని బాధపడే పెద్దలు ఏ ఇంట్లోనైనా పసివాడికి అన్నం తినిపించే వేళకు వెళ్ళి చూడాలి. మనకు యానిమేషన్ పరిశ్రమ ఉంది, అది ఫోన్లో మూడు పూటలా ఆడుతోంది. అందులో ఆడవాళ్ళందరికీ ఒకటే ముఖం. ఎర్ర చీర కడితే కోడలు, ఆకుపచ్చ చీర కడితే అత్త, నెరిసిన జుట్టు తగిలిస్తే అవ్వ. మనుషులు నడుస్తారు కానీ కాళ్ళు నేలకు ఆనవు. మాట్లాడతారు కానీ పెదాలకూ మాటకూ చుట్టరికం లేదు. ఊరంటే ఒక గుడిసె, రెండు కొబ్బరిచెట్లు, వెనక మంచు కప్పిన కొండ. ఆ కొండ ఏ జిల్లాలో ఉందో కనుక్కుంటే ఎండాకాలం అక్కడికే పోవచ్చు.

ఇక మాయ. మాయా గరిటె, మాయా బావి, మాయా పకోడీల బండి, మాయా రోకలి. ఏ మాయనుంచైనా పుట్టేది తిండే. బావిలో పానీపూరీ నీళ్ళు ఊరతాయి, చెట్టుకు చికెన్ ముక్కలు కాస్తాయి. మన కథల్లో ఒకప్పుడు మాంత్రికుడు మనుషుల్ని శిలలు చేసేవాడు. ఇప్పుడు కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు.

ఇది కింది తరగతి వినోదమని, మా పిల్లలు ఇంగ్లీషువే చూస్తారని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. చూడనివ్వండి. డిస్నీవాళ్ళు 1950లో సిండరెల్లా తీశారు, 2015లో మళ్ళీ తీశారు. 1937లో స్నోవైట్ తీశారు, 2025లో మళ్ళీ తీశారు. పినోకియోనైతే 2022లో ఒకే ఏడాది వాళ్ళొకసారి, గియెర్మో డెల్ టోరో ఒకసారి తీశారు. సిండరెల్లా ఇన్నేళ్ళుగా అదే మెట్ల మీద చెప్పు జారవిడుచుకుంటూనే ఉంది. అయినా వాళ్ళను తప్పుపట్టను. ఎవరి అమ్మమ్మ కథల్ని వాళ్ళు దుమ్ము దులిపి చూపించుకుంటున్నారు. మన అమ్మమ్మ కథల్ని కూడా వాళ్ళే వచ్చి తీయాలని ఎదురుచూస్తున్నది మనమే.

బొమ్మల సినిమాకు టికెట్లు తెగవన్న సాకు మొన్నటిదాకా బాగానే పనిచేసింది. 2025లో మహావతార్ నరసింహ వందల కోట్లు రాబట్టేసరికి అది కాస్తా పోయింది. ఇక మిగిలిన దేవుళ్ళ వెంట పడతారు. మంచిదే. కాకపోతే దేవుళ్ళకు ఆరు పలకల కడుపులు తప్పవు, వినాయకుడికి ఏం చేస్తారో చూడాలి. జానపద కథల జోలికి మాత్రం ఎవరూ రారు. అక్కడ దేవుడి పేరు చెప్పి దండం పెట్టించుకునే వీలు లేదు, కథ చెప్పడం వచ్చి తీరాలి.

ఎలా చెబుతారో ఊహించడం కష్టమేమీ కాదు. ఒక అమాయకపు రచయిత ఏడు చేపల కథను యానిమేషన్ సినిమాగా తీద్దామని ఫిల్మ్‌నగర్ ఆఫీసుకు వెళ్ళాడనుకోండి. నిర్మాత ఉంటాడు, ఓటీటీ నుంచి వచ్చిన కుర్రాడు ఉంటాడు, నిర్మాత బావమరిది ఎటూ ఉంటాడు.

"అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు" అన్నాడు రచయిత.

"మల్టీస్టారర్" అన్నాడు నిర్మాత. "కానివ్వండి."

"ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారండి."

ఓటీటీ కుర్రాడు ల్యాప్‌టాప్ లోంచి తలెత్తాడు. "నార్త్‌లో చేపలు ఇబ్బంది సార్. ఫ్యామిలీ ఆడియన్స్. వెజ్ చేద్దాం."

"ఎండబెట్టేదేగా, వడియాలు పెట్టండి" అన్నాడు బావమరిది.

రచయిత మంచినీళ్ళు తాగాడు. "రాజుగారి ఏడుగురు కొడుకులు... వేటకెళ్ళి... ఏడు వడియాలు తెచ్చారండి. ఎండబెట్టారు. ఆరు ఎండాయి. ఒకటి ఎండలేదు."

"ఆ ఎండనిదే హీరో!" నిర్మాత టేబుల్ మీద గుద్దాడు. "వాడు ఎవడికీ ఎండడు! ట్రైలర్లో పడాలి ఆ ముక్క. ఇంతకీ ఎందుకు ఎండలేదు?"

"గడ్డిమేటు అడ్డొచ్చిందండి."

"విలన్ గడ్డిమేటా?"

"కాదండి. దాన్ని ఆవు మేయలేదు."

"ఆవు వద్దు సార్" అన్నాడు ఓటీటీ కుర్రాడు. "ఆవును ఎలా చూపించినా ఎవరివో మనోభావాలు దెబ్బతింటాయి. గేదె సేఫ్. గేదెకు ఇంకా మనోభావాలు రాలేదు."

"సరే, గేదె ఎందుకు మేయలేదు?"

"పాలేరు మేపలేదండి. వాడికి అవ్వ అన్నం పెట్టలేదు."

"అవ్వను వదిన చేద్దాం బావా" అన్నాడు బావమరిది. "ఒక పాట పడుద్ది."

"వదిన ఎందుకు పెట్టలేదు?"

"పిల్లవాడు ఏడ్చాడండి."

"అదీ! మదర్ సెంటిమెంట్. ఇంటర్వెల్ ఇక్కడే. వాడెందుకు ఏడ్చాడు? కిడ్నాపా?"

"చీమ కుట్టిందండి."

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"గంట నుంచి కూర్చోబెట్టి చివరికి చీమంటావేంటయ్యా!" అన్నాడు నిర్మాత. "సరే, ఆ చీమ ఏమంటుంది?"

"'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?' అంటుందండి."

నిర్మాత లేచి నిలబడ్డాడు. బావమరిది కూడా నిలబడ్డాడు. "ఇదిరా డైలాగంటే! ఇది వడియం సినిమా కాదు, చీమ సినిమా! ఇంతసేపూ హీరోను దాచిపెట్టావు కదయ్యా. ఇంట్రడక్షన్ సాంగ్ ఎక్కడ?"

"చీమంటే ఫ్యాన్స్ ఫీలవుతారు బావా."

"గండుచీమ అను. పుట్ట బంగారమంటున్నాడు కదా, ఆ బంగారం ఎక్కణ్ణుంచి వచ్చింది? పోర్టు, కంటెయినర్లు, సముద్రంలో ఛేజ్. పార్ట్ వన్ పుట్ట, పార్ట్ టూ కుట్ట."

"ఆరు కాళ్ళున్నాయి సార్, స్టెప్పులు అదిరిపోతాయి" అన్నాడు ఓటీటీ కుర్రాడు. "కానీ పిల్లల సినిమా అంటున్నారు. మోరల్ ఏంటి?"

"నీతి లేదండి" అన్నాడు రచయిత.

చీమను భరించినవాళ్ళు దీన్ని భరించలేకపోయారు. "నీతి లేకుండా పిల్లలకు కథ ఎలా చెబుతారయ్యా?" అని నిర్మాత నిజంగానే బాధపడ్డాడు. ఒకరి పుట్టలో ఒకరు వేలు పెట్టరాదని చివర్లో కార్డు వేయడానికి ఒప్పందం కుదిరింది. రచయిత అక్కణ్ణుంచి సరాసరి వెళ్ళి మాయా గరిటె రెండో భాగానికి మాటలు రాయడానికి కుదురుకున్నాడు. అక్కడ రోజు కూలీ అయినా ఇస్తారు.

నీతి లేకపోవడమే ఆ కథ గొప్ప. రాజుగారి కొడుకులు తెచ్చిన చేప ఎండకపోతే విచారణ మొదలవుతుంది. ప్రతివాడూ తప్పును పక్కవాడి మీదికి నెట్టేస్తాడు. గడ్డిమేటు ఆవును చూపిస్తుంది, ఆవు పాలేరును చూపిస్తుంది, పాలేరు అవ్వను చూపిస్తాడు. చివరికి విచారణ అందరిలోకీ చిన్నదాని దగ్గరకు చేరుతుంది. అది మాత్రం ఎవరినీ చూపించదు. కుట్టాను, కుడతాను, నా ఇల్లు అది అంటుంది. నేను అడిగేది ఏడే ఏడు నిమిషాల బొమ్మల సినిమా. ప్రశ్న పడిన ప్రతిసారీ కెమెరా ఇంకాస్త కిందికి దిగాలి. చేప నుంచి గడ్డికి, గడ్డి నుంచి ఆవు మూతికి, అలా దిగి దిగి చీమ కంటి దగ్గర ఆగాలి. "ఎందుకు" అన్న మాటకు ఒక తాళం ఉంది. మూడేళ్ళ పిల్ల రెండోసారి వినేసరికి తానే ముందు అడుగుతుంది. దీనికి స్టార్ అక్కర్లేదు, నీతి కార్డు అంతకన్నా అక్కర్లేదు.

తరువాత తీయవలసింది బాలనాగమ్మ. 1942లో జెమినీవాళ్ళు తీశారు, 1959లో ఒకసారి వచ్చింది, ఆ తరువాతా వచ్చింది. బొమ్మల సినిమాగా మాత్రం ఎవరూ తీసినట్టు నాకు తెలియదు. మాయల ఫకీరు ఆమెను కుక్కను చేసి ఈడ్చుకుపోతాడు. ఆమె వ్రతం పేరు చెప్పి ఆ మాయావిని ఏళ్ళ తరబడి గడప అవతల నిలబెడుతుంది. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. కొడుకు పెరిగి పెద్దవాడై ఆ చిలకను పట్టుకుంటాడు. చిలక రెక్క విరిస్తే ఇక్కడ ఫకీరు చెయ్యి ఊడిపడే ఆ ఘట్టం యానిమేషన్ పుట్టకముందే యానిమేషన్ కోసం రాసిపెట్టినట్టుంది. పిల్లలు జడుసుకుంటారట. మన తాతలు ఆరుబయట నులక మంచం మీద పడుకుని ఈ కథ విని జడుసుకున్నారు, ఇంకోసారి చెప్పమన్నారు. అసలు జడుసుకోవాల్సింది గరిటె లోంచి వచ్చే బిర్యానీని చూసి.

ఇక కాశీమజిలీ కథలకు సీజన్లు కూడా మధిర సుబ్బన్న దీక్షితులుగారే కోసిపెట్టారు. మజిలీ మజిలీకీ పశువులు కాసే కుర్రాడికి ఏదో వింత కనపడుతుంది, దాని సంగతి చెబితేగాని అడుగు కదపనంటాడు, వాణ్ణి వెంటబెట్టుకుని కాశీకి పోతున్న మణిసిద్ధుడు చెప్పక తప్పదు. పన్నెండు భాగాలు. అందులోని ఒక్క కథ పట్టుకుని 1951లో కె.వి.రెడ్డి పాతాళభైరవి తీశారు. కంప్యూటర్ లేని రోజుల్లో తీశారు.

చందమామ దగ్గరకు వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాదు.

1947 జూలైలో మొదలైన పత్రిక అది. దాసరి సుబ్రహ్మణ్యంగారు శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అని వరసపెట్టి సీరియళ్ళు రాశారు. వాటికి చిత్రాగారు బొమ్మలు వేశారు. ఏ జంతువుకూ పోలిక దొరకని జంతువులు, వాటి మీద స్వారీ చేసే వీరులు, కూలిన కోటలు, గుహల్లో వెలుగు. ప్రతి బొమ్మా ఒక షాట్. స్టోరీబోర్డు అని ఇవాళ గంటకింత పుచ్చుకుని వేసేది ఆయన నెల నెలా వేసి ఇచ్చాడు. దాసరిగారి పేరు ఆ సీరియళ్ళ మీద ఉండేది కాదు. పిల్లలు నెలంతా ఎవరి కోసం కాచుకున్నారో ఆ పిల్లలకే తెలియదు. 2010లో ఆయన పోయారు. బేతాళుణ్ణి భుజాన వేసుకుని, కత్తి దూసి శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ వేసిన శంకర్ గారు 2020లో పోయారు. పద్మశ్రీ 2021లో వచ్చింది. మనిషి ఉండగా తీరిక దొరకలేదన్నమాట. పత్రిక 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికి వెళ్ళి, కొన్నేళ్ళకే ఆగిపోయింది. ఆ కంపెనీ కోర్టుల పాలైంది.

ఇంత ఖజానా పెట్టుకుని, ఆ విక్రమార్కుడు వెండితెర మీద ఒక్క అడుగు వెయ్యడానికి ఈ రెండు రాష్ట్రాల్లో ఒక్కడు డబ్బు పెట్టలేదు. ఒక్కడు! హీరో కారు గాల్లో లేచి పల్టీ కొట్టే షాటు మీద ఎన్ని కోట్లు తగలేశారు? ఆ షాటు చేసిన పిల్లలే ఈ పనీ చేసేవాళ్ళు కదా! చెయ్యగలవాళ్ళు లేరా? 2008 నుంచి దేశమంతా చూస్తున్న, లడ్డూ తింటే బలమొచ్చే ఆ పిల్లవాడి బొమ్మలు హైదరాబాద్‌లో తయారైనవే. పడవలో పులితో పసిఫిక్ దాటిన కుర్రాడి సినిమా 'లైఫ్ ఆఫ్ పై'కి 2013లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. ఆ పులిని పుట్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అవార్డు వచ్చిన ఆ ఫిబ్రవరిలోనే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఊళ్ళో పిల్లలు రాత్రుళ్ళు కూర్చుని పరాయి పులికి వెంట్రుక వెంట్రుకా దువ్వుతారు, పగలు ఇంటికొచ్చి పడుకుంటారు. వాళ్ళ పిల్లలేమో నేలకానని కాళ్ళతో నడిచే అత్తాకోడళ్ళను చూస్తూ ముద్ద మింగుతారు. ఇది పేదరికం కాదు, పొగరు. మన కథ మనకు చిన్నచూపు, దాన్ని వినే పిల్ల ఇంకా చిన్నచూపు.

అయినా కంగారు పడకండి, భల్లూక మాంత్రికుడు తెర మీదికి రాకుండా పోడు. కొరియావాళ్ళో జపాన్‌వాళ్ళో ఏ పాత పుస్తకాల కొట్లోనో ఆ బొమ్మలు చూస్తారు, తీస్తారు. అప్పుడు మనం మొదటి రోజు మొదటి ఆటకు వెళ్ళి, తెలుగు డబ్బింగ్ కుదర్లేదని, ఎలుగుబంటికి మన హీరో గొంతు నప్పలేదని, సెకండాఫ్ లాగ్ అయిందని రివ్యూలు రాస్తాం. రేటింగ్ రెండుంపావు.