మహారాజశ్రీ గ్యారంటర్ షరతు గారికి

ఇంగ్లండు దేశపు అద్దె ఒప్పందంలో, చివరి పేజీల్లో కొలువై ఉన్న తమరికి నెల్లూరు నుంచి ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం అడగనక్కర లేదు. మా అమ్మాయికి గది దొరకక పోవడమే అందుకు సాక్ష్యం.

పిల్లకు అక్కడ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. వీసా కోసం తొమ్మిది నెలల ఖర్చులకు సరిపడే డబ్బు 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉంచి చూపించాం. ప్రభుత్వం నమ్మి రమ్మంది. ప్రభుత్వం నమ్మినా తమరు నమ్మరు. బ్రిటన్‌లో నివాసం ఉంటూ, నెల అద్దెకు 30 నుంచి 36 రెట్లు ఏడాది జీతం తెచ్చుకునే మనిషెవరైనా మా తరఫున పూచీ సంతకం పెట్టాలంటారు.

నేను సంతకాలు ఎరగనివాణ్ణి కాను. సొసైటీ అప్పులకూ, చీటీలకూ, బావమరిది ట్రాక్టరుకూ హామీ పెట్టిన చెయ్యి ఇది. ఆయన నిలబడితే చాలు అనే పేరు కోవూరు దాకా ఉంది. చెన్నైలో విమానం ఎక్కేవేళ ఆ పేరును సామానుతో పాటు తూచరని తమరి వల్లే తెలిసింది.

ఇక చుట్టరికాలు తవ్వాం. మా ఆవిడ పెద్దమ్మ తోడికోడలి మేనల్లుడు బర్మింగ్‌హామ్‌లో తేలాడు. మా ఆవిడ ఫోనులో 'నాయనా' అని మొదలుపెట్టి, వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు విచారించి, మలై కాజా పంపుతానని చెప్పి, చివరికి తమరి పేరు ఎత్తింది. అతను కాస్త ఆగి, "అక్కా, ఉమ్మడి ఒప్పందమైతే మన పిల్ల అద్దెతో పోదు. వాటా వరకే అని రాయించుకోకపోతే, ఆ ఇంట్లో ఎవరు అద్దె ఎగ్గొట్టినా నా మీదికే వస్తారు" అన్నాడు. అతన్ని ఏమనగలం? ముక్కూ మొహం తెలియని వాళ్ల బాకీకి పూచీ పడమని ఏ మొహంతో అడగగలం? కాజా మాత్రం పంపాం, మాట ఇచ్చాం కనుక.

రుసుము తీసుకుని గ్యారంటర్‌గా నిలబడే కంపెనీలు ఉన్నాయట. డబ్బిస్తే చుట్టాలవుతారన్నమాట! సీటిచ్చి ఫీజు పుచ్చుకున్న విశ్వవిద్యాలయమే పూచీ పడితే న్యాయంగా ఉంటుంది. కొన్ని పడుతున్నాయి కూడా. మా పిల్లది ఆ కొన్నింటిలో లేదు.

ఇదివరకు తమరిని తప్పించుకోవడానికి ఒక దొడ్డిదారి ఉండేది. ఆరు నెలల అద్దె, ఒక్కోచోట ఏడాది అద్దె ముందే కట్టేస్తే తమరు పక్కకు జరిగేవారు. మెడలో గొలుసు బ్యాంకులో పెట్టైనా కట్టేవాళ్లం. 2025లో తెచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం, 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్లకు నెల అద్దె మించి ముందుగా పుచ్చుకోకూడదంది. మంచి చట్టమే, పాపం. దాంతో దొడ్డితలుపు మూతపడి, వీధి గుమ్మంలో తమరొక్కరే మిగిలారు. అంతకుముందే, 2019లో, డిపాజిట్‌కు మామూలు ఇళ్లలో అయిదు వారాల అద్దె అని హద్దు గీసిన దేశం తమరి జోలికి మాత్రం రాలేదు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద భవనాలు చాలావరకు ఈ కొత్త నిబంధన కిందికి రావట. అక్కడ అద్దె వారానికి చెబుతారు. అది నెలకనుకుని మా ఆవిడ ఒక పూటంతా సంతోషించింది.

మొహర్రం రోజుల్లో మా ఊరి బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో కోరికను బట్టి రొట్టెలు మార్చుకుంటారు. మా అమ్మాయి విదేశీ రొట్టె పట్టింది, ఫలించింది. పక్కనే స్వగృహ రొట్టె కూడా ఉంది గానీ, అది సొంతిల్లు కట్టుకునేవాళ్లకు. అద్దె గదికి రొట్టె ఎవరూ పంచడం లేదు.

కనుక సొసైటీ కార్యదర్శి చేత నా నడవడికకు ధ్రువపత్రం రాయించి, గుండ్రటి ముద్ర వేయించి దీనితో జత చేస్తున్నాను. సెప్టెంబరులో తరగతులు మొదలవుతాయి. ఈలోగా జవాబు దయచేయించగలరు.

ఇట్లు,
తమరి లెక్కలో చెల్లని సంతకం చేయువాడు