బారెడు పొద్దెక్కే దాకా ఆగితే తప్పేంటి?

లారీ యాక్సిడెంట్ అంటే చాలు, మన జనానికి రెండే కారణాలు తెలుసు. ఒకటి నిద్ర, రెండోది మందు. పొద్దున ఏడింటికి లారీ పోయి ముందున్న బండిని గుద్దితే "రాత్రంతా నడిపి కునుకు తీసుంటాడు" అని అక్కడికక్కడే తేల్చేస్తారు. కునుకు తీసేవాళ్ళు లేరని నేననను. కానీ ఇరవై రెండేళ్ళుగా స్టీరింగ్ పట్టుకుని బతుకుతున్నవాడిగా చెప్తున్నా: కళ్ళు పూర్తిగా తెరిచే ఉన్నా ఏమీ కనపడని టైము రోజుకి రెండుసార్లు వస్తుంది. ఎదురెండ. దాని గురించి ఒక్క బోర్డు కూడా నేనింతవరకు చూడలేదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65 నంబరు హైవేనే తీసుకోండి. తూర్పుకి పోతున్నామనుకుంటాం గానీ ఆ రోడ్డు నేరుగా తూర్పుకి పోదు, కొంచెం ఆగ్నేయానికి ఒరుగుతుంది. చలికాలంలో సూర్యుడు పుట్టేది కూడా ఇంచుమించు ఆ ఒరిగిన దిక్కునే. అందుకే డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున్నే సూర్యాపేట దాటి కోదాడ వైపు పోతుంటే సూర్యుడు రోడ్డు చివర్లోంచే లేచినట్టుంటాడు. సంక్రాంతికి ఊళ్ళకి పోయే కార్లన్నీ రోడ్డెక్కేది కూడా సరిగ్గా అప్పుడే. మే, జూన్‌లో ఇదంతా తిరగబడుతుంది. పొద్దు వాయవ్యానికి జరిగి గుంకుతుంది కాబట్టి, సాయంత్రం విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చేవాడి కళ్ళలో పడుతుంది.

కొన్నేళ్ళ కింద ఒక జనవరిలో ఆ రోడ్డు మీదే నా పని అయిపోయేది. పొద్దున ఏడు, పన్నెండు టైర్ల బండి, ఫుల్ లోడు, స్పీడు 60. గంటకి 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. ఎండ ఒక్కసారిగా అద్దం మీద పడి, అద్దమంతా తెల్లగా పాలు పోసినట్టయింది. మూడు సెకన్లు అనుకోండి, అంటే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. కళ్ళు సర్దుకునేసరికి ముందు వరిగడ్డి ట్రాక్టరు. బ్రేకు మీద నిలబడ్డాను. ట్రాలీకీ నాకూ మధ్య ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది. క్లీనర్ కుర్రాడు నోరు తెరిచి మళ్ళీ మూయలేదు.

దిగి ఆ ట్రాక్టరాయన మీద అరిచాను, రేడియం స్టిక్కర్లు లేవేంటని. వెనక్కి పోయి చూస్తే ఉన్నాయి! తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. రేడియం స్టిక్కరు మన వైపు నుంచి లైటు పడితేనే మెరుస్తుంది. సూర్యుడు అటు పక్క ఉంటే ట్రాలీ వెనక భాగమంతా నీడే. ఆయనకి క్షమాపణ చెప్పాలి గానీ, అప్పటికే వెళ్ళిపోయాడు.

అప్పుడు అద్దం వైపు చూసుకున్నాను. వైపర్ రబ్బరు అరిగిపోయి అద్దం మీద సన్నటి గీతలు, పైన పొడి పేపరుతో తుడిచిన మరకలు, లోపల అగరబత్తి పొగ, బీడీ పొగ పట్టిన జిడ్డు. మామూలప్పుడు ఇవేవీ కనపడవు, ఎదురెండ పడగానే ప్రతి గీతా ఒక ట్యూబులైటు అయిపోతుంది. డాష్‌బోర్డు మీద పరిచిన తళుకుల గుడ్డ కూడా అద్దంలో తేలుతుంది. ఆ రోజే అది తీసేసి ముదురు రంగు దుప్పటి ముక్క పరిచాను. ఇంట్లో వాళ్ళకి నచ్చలేదు, అది వేరే సంగతి. నల్ల ఫిల్మ్ అంటించమని సలహా ఇచ్చేవాళ్ళకి ఒక మాట: 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. రాత్రి పూట దాంతో నడపడమంటే ఇంకో రకం గుడ్డితనం.

కారు తమ్ముళ్ళకి, బైకు తమ్ముళ్ళకి కూడా ఒకటి చెప్పాలి. మీ నీడ పొడుగ్గా మీ ముందు పడుతోందా? అంటే సూర్యుడు మీ వెనక ఉన్నాడు, మీకంతా చక్కగా కనపడుతుంది. ఎదురుగా వచ్చేవాడికి మాత్రం మీరు కనపడరు. అప్పుడు డివైడర్ సందులోంచి బండి తిప్పడం, రాంగ్ రూట్‌లో రావడం, "లారీవాడు చూస్తాడులే" అనుకోవడం చేయకండి. వాడు చూడట్లేదు. పగలైనా సరే హెడ్‌లైటు వేసుకోండి.

ఇక అసలు కోపం ఎవరి మీదంటే, లోడు బుక్ చేసే వాళ్ళ మీద. ఎదురెండకి అన్నిటికంటే తేలిక మందు, ఆగడం. చెయ్యి చాపి, నేలా ఆకాశం కలిసే చోట పిడికిలి పెట్టి చూడండి. సూర్యుడు ఆ పిడికిలి దాటి పైకెక్కడానికి మన దగ్గర ముప్పావు గంట పడుతుంది. అప్పటికి సన్ వైజర్ దించితే సరిపోతుంది. అంటే ఒక టీ, ఒక ప్లేటు ఇడ్లీ. ఇంటి దగ్గర బారెడు పొద్దెక్కే దాకా పడుకుంటే తిట్టినా పడతాం గానీ, దాబా దగ్గర బారెడు పొద్దెక్కే దాకా ఆగినందుకు కూడా తిట్లే? "జీపీఎస్‌లో బండి కదలట్లేదు, ఏం చేస్తున్నావ్?" అని ఫోను. ఎండ అని చెప్తే నవ్వుతారు. పొగమంచు అంటే మాత్రం ఒప్పుకుంటారు!

అందుకే ఇప్పుడు నేను చలికాలమంతా పొగమంచనే చెప్తున్నా. ఒకసారి అలవాటులో ఏప్రిల్‌లో కూడా చెప్పేసి దొరికిపోయాను.