యాదమ్మ గారి బాకీ 4,200

మా బావగారికి నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గంజులు, గరిటెలు, పెళ్లికొడుకు కూర్చునే సింహాసనం, దాని మీద పరిచే ఎర్ర మఖమల్ గుడ్డ, అన్నీ అద్దెకిస్తారు. పన్నెండేళ్లుగా ఆయన లెక్కలన్నీ ఒక ఎర్ర అట్ట రిజిస్టరులో ఉండేవి. అంచులకు పసుపు, పేజీల మధ్య ఎండిన బంతిరేకులు, ఒకచోట పప్పుచారు మరక. ఆ మరకను బట్టే ఆయన చిట్యాల వాళ్ల పేజీ తీసేవారు. నిజం చెప్పాలంటే అంత వేగంగా పేజీ దొరికే ఏర్పాటు నేను ఇంతవరకు చేయలేకపోయాను.

అయినా ఊరుకోలేదు. యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ఆ రిజిస్టరునంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తెర మీద ఫారంలో ఒకసారికి ఒక ఖాతాదారు కనిపిస్తాడు: పేరు, ఊరు, ఫోను నంబరు, తీసుకున్న సామాను, బాకీ. మొత్తం 640 మంది. కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది, నొక్కితే తర్వాతి మనిషి వస్తాడు. 412వ మనిషి కావాలంటే 411 సార్లు నొక్కాలి.

రెండు రోజులు నొక్కి బావగారు నన్ను పిలిచారు. "రిజిస్టరైతే వేలు తడి చేసుకుని తిప్పేవాడిని. దీన్ని తడి చేసినా తిరగడం లేదు."

"పేర్ల జాబితా పెడతాను బావా. పేరు మీద నొక్కితే చాలు, మనిషి ప్రత్యక్షమవుతాడు" అన్నాను. అలా డ్రాప్‌డౌన్ మొదలైంది.

దీన్ని చేయడానికి యాక్సెస్‌లో విజర్డ్ అనే ఒక సహాయక ఏర్పాటు ఉంది. కాంబో బాక్సు (జాబితా తెరుచుకునే గడి) పెట్టగానే అది మనల్ని మర్యాదగా అడుగుతుంది: జాబితాలోని పేర్లు ఎక్కడి నుంచి తేవాలి, నువ్వే రాస్తావా, లేక ఎంచిన పేరును బట్టి ఫారంలో ఆ రికార్డును, అంటే ఆ మనిషి వివరాలను, వెతికి పెట్టాలా? మూడోదే నాకు కావలసింది. కానీ విజర్డులు తెలియనివాళ్ల కోసమని నా నమ్మకం. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు వచ్చేదాకా ఆగకుండా గంజు దగ్గరికే వెళ్లే రకాన్ని నేను. అప్పటికే ఫారంలో పేరు గడి ఉంది కదా, దాని మీద కుడి మీట నొక్కి, దాన్నే కాంబో బాక్సుగా మార్చేశాను. లోపల 640 పేర్లు నింపాను. రెండు నిమిషాల పని.

పరీక్షించకుండా వదిలేశానని ఎవరూ అనుకోవద్దు. జాబితా తెరిచి యాదయ్య అన్న పేరు ఎంచాను. గడిలో యాదయ్య వచ్చాడు. కింద ఊరు కట్టంగూర్, ఫోను నంబరు, రెండు షామియానాలు, వంద కుర్చీలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. బావగారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. ఆ సమయానికి తెర మీద ముందు నుంచీ ఉన్నది కట్టంగూర్ యాదయ్యే అన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ఇందులో నా తప్పు ఎంతో, మా జిల్లా తప్పు కూడా అంతే. ఒకవైపు యాదగిరిగుట్ట నరసింహస్వామి, ఇంకోవైపు చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామి. పుట్టిన ప్రతి బిడ్డనూ ఈ ఇద్దరూ చెరి సగం పంచుకున్నారు. యాదయ్య, యాదగిరి, యాదమ్మ, నర్సింహ ఒకవైపు. లింగయ్య, రామలింగయ్య, లింగమ్మ ఇంకోవైపు. 2016లో గుట్ట కొత్త జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ పేర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. మా జాబితాలో యాదయ్యలే 23 మంది. అలాంటి చోట యాదయ్యను ఎంచి పరీక్ష చేయడమంటే చెరువులో చెంబు ముంచి నీళ్లు ఉన్నాయో లేదో చూడటమే.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. బాకీలు వసూలు చేయడానికి బావగారు కొత్తగా ఒక కుర్రవాడిని పెట్టుకున్నారు. సాయంత్రం ఆరు గంటలకు కంప్యూటర్ తెరవాలి, బావగారు చీటీ మీద రాసిచ్చిన పేర్లను ఒక్కొక్కటిగా జాబితాలో ఎంచాలి, తెర మీద కనిపించే నంబరుకు ఫోను చేయాలి, కనిపించే బాకీ చెప్పాలి. అంతే.

ఆ రోజు రాత్రి ఎనిమిదికి మా బాపు నకిరేకల్ నుంచి నాకు ఫోను చేశారు.

"ఒరేయ్, ఎవడో కుర్రాడు గంట నుంచి ఫోను చేస్తున్నాడు. మొదట 'యాదయ్య గారా' అన్నాడు. కాదన్నాను. ఐదు నిమిషాలకు 'లింగయ్య గారా' అన్నాడు. తర్వాత నర్సింహ అన్నాడు, రామలింగయ్య అన్నాడు. ఇప్పుడు 'యాదమ్మ గారిని పిలవండి' అంటున్నాడు. అందరి బాకీ 4,200 అట!"

"సైబర్ మోసం అయి ఉంటుంది బాపూ. 1930కి ఫోను చేయి."

"చేద్దామనే అనుకున్నాను. కానీ ఒక్కటే అనుమానం." బాపు గొంతు తగ్గించారు. "ఆ 4,200 సంగతి వాడికి ఎలా తెలిసింది?"

నాకూ అప్పుడే తెలిసింది, అలాంటి సంగతి ఒకటి ఉందని. బావగారు టెంట్ హౌస్ తెరిచినప్పుడు మొదటి బేరం మా ఇంటి గృహప్రవేశమే. అల్లుడి దుకాణమే కదా, డబ్బులు తీసుకోడేమోనని బాపు ఇవ్వలేదు. మామను అడగడం మర్యాద కాదని బావగారు అడగలేదు. రిజిస్టరు మొదటి పేజీలో మొదటి పేరుగా ఆ బాకీ పన్నెండేళ్లు హాయిగా నిద్రపోయింది. నేను దాన్ని కంప్యూటర్‌లో మొదటి రికార్డుగా ఎక్కించి నిద్ర లేపాను.

తెల్లారి దుకాణానికి వెళ్లి చూశాను. ఫారం తెరవగానే మొదటి రికార్డు వస్తుంది, అంటే మా బాపు. జాబితాలో లింగయ్యను ఎంచాను. పేరు గడిలో లింగయ్య అని పడింది. కింద ఊరు నకిరేకల్‌గానే ఉంది. నంబరు బాపుదే, బాకీ బాపుదే. తెర ఎడమ అంచున బియ్యపు గింజంత పెన్సిల్ బొమ్మ ఒకటి వెలిగింది. ఆ పెన్సిల్ అర్థం, నువ్వు ఈ రికార్డును మారుస్తున్నావు అని. నా గడి మనిషిని వెతకడం లేదు, ఉన్న మనిషికి నామకరణం చేస్తోంది!

విషయం ఇది. ఫారంలో ప్రతి గడికీ వెనక కంట్రోల్ సోర్స్ అని ఒకటి ఉంటుంది. అక్కడ ఏదైనా ఫీల్డు (పేరు, ఊరు, బాకీ లాంటి ఒక అంశం) పేరు రాసి ఉంటే ఆ గడి ఆ ఫీల్డుకు కట్టేసినట్టే. అందులో ఏది ఎంచితే అది అప్పటికి తెర మీద ఉన్న రికార్డులోకి వెళ్లి కూర్చుంటుంది. వెతికే గడికి ఆ చోటు ఖాళీగా ఉండాలి. నేను పేరు గడినే మార్చాను కాబట్టి దాని కట్టు అలాగే ఉంది. పెన్సిల్ కనిపిస్తుండగా ఎస్కేప్ మీట నొక్కితే పాత పేరు తిరిగి వస్తుంది. నొక్కకుండా ఫారం మూస్తే కొత్త పేరే ఖాయం. ఉత్తరం టైపు చేసి మూయబోతే 'భద్రపరచమంటారా' అని అడుగుతుందే, ఆ మర్యాద ఇక్కడ లేదు. దస్తావేజు మీద వేలిముద్ర పడిపోయినట్టే.

కుర్రవాడిని అడిగాను, "ఐదుగురికీ ఒకే నంబరు ఉంటే అనుమానం రాలేదా?"

"రాలేదన్నా. మా ఊళ్లో అందరూ సర్పంచ్ నంబరే ఇస్తారు" అన్నాడు.

"గొంతు కూడా ఒకటే కదా?"

"సర్పంచ్ గొంతు అనుకున్నాను."

వాడిని ఇక ఏమీ అనలేకపోయాను. ఈసారి బుద్ధిగా విజర్డ్ చెప్పినట్టు విన్నాను. పేరు గడిని మళ్లీ మామూలు గడిగా చేసి, ఫారం నెత్తిన విడిగా ఒక కాంబో బాక్సు పెట్టాను. అది పేరును కాకుండా ఖాతా నంబరును పట్టుకుని వెళుతుంది. ఆ నంబరున్న నిలువు వరుస వెడల్పు సున్నా కాబట్టి కంటికి కనిపించదు. పేరు పట్టుకుని వెతికించి ఉంటే 23 మంది యాదయ్యల్లో ఎవరిని ఎంచినా మొదటి యాదయ్యే వచ్చి నిలబడేవాడు. పేరు పక్కన ఊరు కూడా కనిపించేలా చేశాను. యాదయ్య చిట్యాల, యాదయ్య కట్టంగూర్, యాదయ్య మునుగోడు. బావగారికి ఇది బాగా నచ్చింది, ఎందుకంటే ఆయన నోట పేర్లు ఎప్పుడూ అలాగే వస్తాయి.

తర్వాత ఇంకో పేచీ వచ్చింది. జాబితాలో యాదయ్యను ఎంచి, కింద బాణం నొక్కి ముందుకు వెళితే, పై గడిలో యాదయ్య అలాగే ఉండిపోతాడు, కింద లింగయ్య వస్తాడు. "సామాను ఎవరికి పంపాలి, పైవాడికా కిందివాడికా?" అని బావగారు. రికార్డు మారిన ప్రతిసారీ పై గడి కూడా మారేలా రెండు వాక్యాల కోడ్ రాశాను. అదీ తీరింది.

ఇంతలో బాపు బస్సు దిగి వచ్చారు. చేతిలో నిమ్మకాయల సంచి, జేబులో డబ్బు.

"అల్లుడు గారూ, ఇంతమంది పేర్లతో అడిగించాలా? ఒక్క మాట మీరే అంటే ఇచ్చేవాడిని కదా" అన్నారు.

బావగారు కుర్చీలోంచి లేచిపోయారు. "అయ్యో మామయ్యా, నాకేమీ తెలియదు, అంతా కంప్యూటరే" అన్నారు. కానీ చేతులు మాత్రం నోట్లు లెక్కపెడుతూనే ఉన్నాయి. వంద నోట్లు నలభై రెండూ సరిపోయాయి. కుర్రవాడు హుషారుగా రసీదు తీశాడు. బాపు కళ్లజోడు తేలేదు; కాగితం నాలుగు మడతలు పెట్టి బనియను జేబులో దోపుకుని బస్సెక్కారు.

గడిని బాగుచేశాను గానీ, అది ముందు రోజే రాసేసిన పేరును దిద్దడం మరిచిపోయాను. ఆ సంగతి రాత్రి అక్క ఫోను చేస్తే గానీ గుర్తురాలేదు.

"ఒరేయ్, అమ్మ అన్నం కూడా తినకుండా కూర్చుంది. బాపు జేబులో రసీదు దొరికిందట. ఎవరో యాదమ్మ పేరు మీద 4,200 కట్టారట. ఎవరురా ఆమె?"