తుపాకీలో నీటి నిల్వ పథకం

నీటి సంరక్షణ గురించి సభలు జరుగుతున్నాయి, ర్యాలీలు జరుగుతున్నాయి. కానీ ఈ రంగంలో చడీచప్పుడు లేకుండా సేవ చేస్తున్న ఒక వర్గానికి ఇంతవరకు ఒక్క శాలువా కూడా దక్కలేదు. వారే పీసీపీ ఎయిర్ గన్ యజమానులు. సిలిండరులో ముందే నొక్కి నింపిన గాలితో పెల్లెట్లనే చిన్న గుండ్లను పేల్చే తుపాకీ అది.

వారి సేవ విలువ తెలియాలంటే కాస్త లెక్క వెయ్యాలి. అర లీటరు సిలిండరును 200 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్ల దాకా నింపాలంటే బయటి గాలి దాదాపు 100 లీటర్లు అందులో కుక్కాలి. 20 డిగ్రీల దగ్గర, 60 శాతం తేమ ఉన్న ఆ గాలిలో సుమారు ఒక గ్రాము నీరుంటుంది. గాలి పాపం ఎంత నొక్కితే అంత ఇముడుతుంది. నీటి ఆవిరికి అంత సర్దుకుపోయే గుణం లేదు. ఆ అర లీటరు జాగాలో తొమ్మిది మిల్లీగ్రాములకు మించి ఆవిరిగా నిలవదు. మిగిలినదంతా, అంటే ఇంచుమించు ఇరవై చుక్కలు, పంపులోనో గొట్టంలోనో తుపాకీ కడుపులోనో చేరాల్సిందే. బోరు తవ్వకుండా నీళ్లు పడటమంటే ఇదే!

ఈ పథకానికి అడ్డుపడే శక్తులు లేకపోలేదు. హ్యాండ్ పంపు అడుగున బ్లీడ్ స్క్రూ అని ఒకటి ఉంటుంది. మధ్యమధ్యలో ఆగి, పంపు చల్లారనిచ్చి, దాన్ని తిప్పితే తేమంతా బుస్సుమని బయటికి పోతుంది. ఆ రంధ్రం ముందు తెల్ల కాగితం పెట్టి చూడండి, టీ రంగు మరకలు పడతాయి. అవి నీళ్లూ నూనే కలిసినవి. ఇంత చక్కటి ద్రవాన్ని వృథాగా వదలడానికి మనసెలా ఒప్పుతుంది? అందుకే మన వీరులు చెమటలు కక్కుతూ ఆపకుండా కొడతారు.

కంప్రెసరు కొన్నవారిది మరింత ఉదారబుద్ధి. తుపాకీ మీద, దాని నెత్తినున్న స్కోప్ మీద జీతాలకు జీతాలు ధారపోస్తారు. ఫిల్టరులో గుప్పెడు సిలికా జెల్ మార్చమంటే మాత్రం పొదుపు గుర్తొస్తుంది. నారింజ రంగు గుళికలు తడి తాగి ఆకుపచ్చకు తిరిగాయన్నా, "ఇంకా అక్కడక్కడా నారింజ కనిపిస్తోంది కదండీ" అంటారు. తేమను ఇంకా గట్టిగా పీల్చే మాలిక్యులర్ సీవ్ గుళికల పేరెత్తితే చాలు, ఫోన్ మోగినట్టు నటిస్తారు. నీటి అడుగున డైవర్లు ఊపిరికి వాడే స్కూబా సిలిండరు నుంచి నింపుకునేవాళ్లు వేరే జాతి. డైవర్ల రెగ్యులేటర్లో మంచు పేరుకోకూడదని ఆ గాలిని ముందే ఎండగడతారు. అలాంటి పొడి గాలి నింపుకునేవాళ్లను ఉద్యమద్రోహులని ప్రకటించాలి.

ఫలితాలు నెమ్మదిగా అందుతాయి. ఉక్కు సిలిండరు లోపల తుప్పు పొరలుగా లేస్తుంది. ఆ పొట్టు వాల్వు మూసుకునే చోట, అంటే సీటు మీద, కూర్చుంటే రాత్రి 200 చూపించిన గేజు పొద్దుటికి 150కి దిగుతుంది. గురి తప్పిందా, నేరం పెల్లెట్లది. లీకైందా, నేరం ఓ-రింగు అనే రబ్బరు వాషరుది. లోపలి గోడ తుప్పుకి గుంటలు పడితే? కారు టైరులో ఉండేదానికి దాదాపు 90 రెట్ల ఒత్తిడిని చెంప పక్కన పెట్టుకుని గురి చూడటం ధైర్యవంతుల పని.

చివరికి మెకానిక్ గాలంతా తీసేసి, సిలిండరు విప్పి, బల్ల మీద బోర్లిస్తాడు. గోధుమ రంగు నీళ్లు కారతాయి. యజమాని ఆ మడుగును తేరిపార చూసి, "ఇది వారంటీలోకి వస్తుందా?" అని అడుగుతాడు.